జనరల్‌గారి గుర్రాల వీపులు

ఆ జనరల్ పేరు ఇక్కడ రాయను. ఆయన దేశంలో ఆయన పేరు మీద వీధులున్నాయట, కంచు విగ్రహాలున్నాయట. నేనొక్కణ్ణి రాయకపోతే ఆయనకు వచ్చే లోటేమీ లేదు. ఫ్రెంచివాడు, గుర్రపుదళాల అధిపతి, రెండు వందల ఏళ్ల కిందటి మనిషి. యూరప్ మొత్తాన్ని తన కాళ్ల కింద వేసుకోవాలనుకున్న చక్రవర్తి దగ్గర పనిచేశాడు. ఇంతమటుకు తెలిస్తే చాలు. నాకూ ఆయనకూ యాభై ఏళ్ల పరిచయం. అందులో నలభై ఏళ్లు ఆయన్ని తప్పుగా తెలుసుకున్నాను. నిజం తెలిశాక కూడా ఏడేళ్లు నోరు మూసుకున్నాను. ఆ ఏడేళ్ల సంగతి చెప్పడానికే ఈ కాగితాలు.

నేను చదువుకున్నవాణ్ణి కాను. ఐదో తరగతితో బడి అయిపోయింది. మా నాన్న ఏలూరులో జట్కా తోలేవాడు. నాకు ఆ బతుకు వద్దని పుస్తకాలు బైండు చేసే షాపులో పెట్టాడు. పాత పుస్తకం విప్పి, ఫారాలు, అంటే మడతపెట్టిన పేజీల కట్టలు, విడదీసి, చిరిగిన చోట పల్చటి కాగితం అంటించి, మళ్లీ కుట్టి అట్ట వెయ్యడం మా పని. జిగురు ఆరేలోగా నేను ఆ ఫారాలు చదివేవాణ్ణి. తెలుగు అలాగే వచ్చింది. ఇంగ్లీషూ అలాగే వచ్చింది, కాకపోతే కంటికి వచ్చింది గాని నోటికి రాలేదు. మాట ఎలా పలకాలో చెప్పేవాళ్లు లేరు. నాకు నేనే ఒక పలుకు పెట్టుకున్నాను. అమెరికాలో ఇన్నేళ్లున్నా నా ఇంగ్లీషు నేను మాట్లాడితే నాకొక్కడికే అర్థమవుతుంది.

ఆ షాపుకు ఒక కాలేజీ లెక్చరరుగారు ఈ జనరల్ జీవితం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. చివరి మూడో వంతు చెదలు తినేశాయి. "పోయింది పోనీవయ్యా, ఉన్నది కుట్టు" అన్నారు. కుట్టే ముందు చదివాను, పక్కన డిక్షనరీ పెట్టుకుని. మొదటి పేజీలోనే పడిపోయాను. జనరల్‌గారి తండ్రి గుర్రాలకు లాడాలు కొట్టేవాడట! జట్కావాడి కొడుక్కి ఇంకేం కావాలి?

పదహారో ఏట మామూలు సిపాయిగా చేరాడు. దేశంలో విప్లవం వచ్చి, పెద్దింటి ఆఫీసర్లలో కొందరు తలలు పోగొట్టుకున్నారు, కొందరు సరిహద్దు దాటేశారు. ఖాళీ అయిన కుర్చీల్లోకి కిందివాళ్లు ఎక్కారు. మనవాడు ఇరవై ఆరేళ్లకు కల్నలు. ఇటలీలో ఎనభై మంది రౌతులతో ఒక ఊరి కోట తలుపు ముందు నిలబడి, వెనకాల పెద్ద సైన్యం వస్తోందని బుకాయించి తాళాలు పుచ్చుకున్నాడు. జర్మనీలో ఓడి పారిపోతున్న శత్రువును మూడు పగళ్లు మూడు రాత్రులు తరిమాడు, గుర్రాల మీద జీను దించకుండా. ఒక్క ఫిరంగి కూడా లేకుండా ఒక దుర్గం పట్టుకున్నాడు. ఆ తర్వాత పోలండు మంచులో, శత్రువు ఫిరంగుల మధ్య నుంచి ఆ కొస దాకా దూసుకుపోయి మళ్లీ వెనక్కి దూసుకొచ్చాడు. జనరల్ అయ్యాడు. చక్రవర్తి కౌగలించుకున్నాడు. సరిగ్గా అక్కడ చెదలు మొదలయ్యాయి.

నాకు ఆ కాస్తే చాలింది. నా పిల్లకు ఆ కథ చెప్పాను, పక్కింటివాళ్ల పిల్లలకు చెప్పాను. మిగతా మూడో వంతూ అలాగే ఉండి ఉంటుందని అనుకున్నాను.

రెండువేల రెండులో అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో. అమ్మాయి మందుల కంపెనీలో, అల్లుడు సాఫ్ట్‌వేర్‌లో. మనవరాలికి అప్పుడు ఆరేళ్లు. స్కూలు బస్సు మూడున్నరకు దింపితే ఆరింటిదాకా ఇంట్లో మేమిద్దరమే. ఆ పిల్ల ఏమడిగినా ఇంగ్లీషులో అడిగేది, నేను ఏం చెప్పినా తెలుగులో చెప్పేవాణ్ణి. ఇద్దరికీ మధ్య పనికొచ్చింది ఈ జనరల్‌గారే. రోజూ ఆయనే కావాలి. "తాతయ్యా, కోట తలుపు." "తాతయ్యా, మంచు." అన్నిటికంటే ఇష్టమైంది మూడు రోజుల పరుగు. "జీను దించాడా?" అని నేనడగాలి. "దించలా!" అని ఆమె సోఫా చెయ్యి మీదెక్కి అరవాలి. గరిట అంటే తెలియని పిల్లకు కళ్లెం తెలుసు, జీను తెలుసు, డెక్క తెలుసు. మా అమ్మాయి స్నేహితులు వచ్చి ముచ్చటపడేవారు, ఇక్కడ పుట్టిన పిల్ల ఇంత తెలుగు మాట్లాడుతోందే అని. నేను పొంగిపోయేవాణ్ణి. అబద్ధం ఎందుకు?

ఆమెకు పదేళ్లొచ్చిన సంవత్సరం మా ఊరి లైబ్రరీలో అడిగి చూశాను, ఆ పుస్తకం దొరుకుతుందా అని. కాగితం మీద పేరు రాసిచ్చాను, నోటితో చెప్పే ధైర్యం లేక. మూడు వారాలకు వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి ఇచ్చింది అక్కడి అమ్మాయి. అదే పుస్తకం, చెదలు ముట్టనిది. నలభై ఏళ్లకు చివరి మూడో వంతు నా చేతికొచ్చింది.

అందులో ఉన్నవి గుర్రాలు.

జనరల్‌గారి దళం వస్తోందని కళ్లకంటే ముందు ముక్కుకు తెలిసేదట. జీను కింద వీపులు కుళ్లిపోయి ఆ వాసన రోడ్డు పొడుగునా వచ్చేదట. ఈ మాట రాసింది శత్రువు కాదు, ఆయన దళంలోని పశువైద్యుడే. తెల్లవారకముందే జనరల్ జీనులు వేయించేవాడు, పొద్దుగూకినా దించనిచ్చేవాడు కాదు. ఎందుకు? చక్రవర్తి ఎటునుంచి ఎప్పుడొచ్చినా దళం సిద్ధంగా కనపడాలి. రౌతులు దిగి నడిస్తే దళం పొట్టిగా కనబడుతుందని దిగనివ్వలేదు. రష్యా మీదికి ఎండాకాలంలో బయల్దేరారు. దాణా లేదు, పచ్చి పైరు మేపారు, పొట్టలుబ్బి చచ్చాయి. మొదటి యుద్ధం ఇంకా మొదలవకముందే సగం గుర్రాలు లేవు. తిరుగుదారిలో మంచు. మంచు మీద నడవాలంటే లాడాలకు మొనదేలిన మేకులుండాలి. ముందే చెప్పి చేయిస్తే అయ్యేది. చేయించలేదు. గుర్రాలు జారి పడ్డాయి, పడినవి లేవలేదు. లాడాలు కొట్టేవాడి కొడుకు! తండ్రి కొలిమి ముందు పెరిగినవాడు! నాకు పుస్తకం విసిరికొట్టాలనిపించింది, లైబ్రరీది కాబట్టి ఊరుకున్నాను. చివరికి గుర్రం మిగిలిన ఆఫీసర్లందరినీ పోగుచేసి ఒక్క చిన్న దళం కట్టారు. కల్నళ్లు సిపాయిల్లాగా, జనరల్‌గారు కెప్టెన్‌లాగా. కొన్నాళ్లకు ఆ గుర్రాలూ అయిపోయాయి. అయినా ఆయన బతికి బయటపడి, పింఛను పుచ్చుకుని, సొంత ఊళ్లో తీరిగ్గా జ్ఞాపకాలు రాసుకున్నాడు. పోలండు మంచు గురించి ఇరవై పేజీలు. గుర్రాల గురించి నాలుగు లైన్లు, "ఆ ప్రయాణంలో గుర్రాలు లోటుపడ్డాయి" అని. లోటుపడ్డాయట!

నాకంత కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. మా నాన్న బండి గుర్రానికీ వీపు మీద పుండు ఉండేది. మేత తక్కువైతే వీపు చిక్కిపోతుంది, చిక్కిన వీపు మీద జీను కింది దిండు రాచుకుంటుంది. రైల్వే స్టేషను దగ్గర జంతువులను హింసిస్తున్నారేమో చూసే ఇన్‌స్పెక్టరు కాపు కాసేవాడు. పుండు కనబడితే బండి ఆపేస్తాడు. అందుకని జట్కావాళ్లకు ఒక పనితనం ఉండేది. దిండులో పుండు ఉన్నంత మేర గుండ్రంగా కోసేస్తారు, పుండుకు బరువు తగలకుండా. పైన ఇంకో గుడ్డ కప్పుతారు. అంచుల్లో బయటపడే చోట ఆముదంలో మసి కలిపి రాస్తారు, వెంట్రుకల రంగులో కలిసిపోయేలాగా. మా గుర్రం దిండుకు ఆ కోత కోసింది నేను. నాకు పదేళ్లు, చెయ్యి సన్నగా ఉందని నాన్న నాకే ఇచ్చేవాడు కత్తెర. చక్కగా కోశావురా అని మెచ్చుకునేవాడు. కోత వల్ల మధ్యలో బరువు తగలదు నిజమే. ఆ బరువంతా అంచు మీద పడుతుంది, పుండు పెద్దదవుతుంది. ఆ గుర్రం మరుసటి వానాకాలం దాటలేదు.

ఇదంతా తెలిసినవాణ్ణి, చదివినవాణ్ణి, ఆ రోజు సాయంత్రం మనవరాలు "తాతయ్యా, మూడు రోజుల పరుగు" అని అడిగితే ఏం చెప్పాలి? ఎప్పటి కథే చెప్పాను. "జీను దించాడా?" "దించలా!"

ఎందుకంటే ఆమె గది గోడ మీద జనరల్ బొమ్మ తనే గీసి అంటించుకుంది. ఆ కథ ఆపితే ఆమె తెలుగు ఆగిపోతుందని భయపడ్డాను. ఇది మంచి కారణం, అందరికీ చెప్పుకోవచ్చు. చెప్పుకోలేని కారణం కూడా ఉంది. ఆ ఇంట్లో నా మాట కోసం ఎదురుచూసే మనిషి ఆమె ఒక్కతే.

ఆమెకు పదకొండేళ్లప్పుడు ఎవరింట్లోనో, తలా ఒక వంటా తెచ్చుకుని తినే పాట్‌లక్. మగాళ్లంతా బేస్‌మెంట్‌లో చేరి పిల్లల కాలేజీల గురించి మాట్లాడుకుంటున్నారు, ఇంకా ఏడేళ్లుండగానే. ఇక్కడ సీటు ఇవ్వడానికి మార్కులతో పాటు పిల్లల ఆటపాటలూ, వాళ్లు రాసిన వ్యాసమూ చూస్తారట. తెలంగాణ ఆయనొకడు, మా అల్లుడి ఆఫీసు స్నేహితుడు, బిర్యానీ ప్లేటు మోకాళ్ల మీద పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"అన్నా, వయొలిన్ వేస్ట్. మనోళ్ల పోరగాళ్లందరి చేతిల వయొలినే. రోబోటిక్స్ గూడ అయిపాయె."

"మరేం పెట్టమంటారండీ?" అన్నాడు మా అల్లుడు.

"గుర్రం పెట్టుండ్రి. పైన మన ఇంటిపేరు, కింద హార్స్ రైడింగ్. ఆ అప్లికేషన్ సదివేటోడు కుర్సీలకెల్లి లేసి నిలబడ్తడు."

మెట్ల మీద నిలబడి వింటున్న ఒకావిడ, "అయ్యో, పడితేనో?" అంది.

"పడితే ఎస్సే రాసుకోవచ్చు ఆంటీ, అది ఇంకా స్ట్రాంగ్" అన్నాడు మాస్టర్స్ చదువుతున్న కుర్రాడొకడు. అందరూ నవ్వారు. మా అల్లుడు నవ్వలేదు, ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు.

నెలకల్లా పిల్లను గుర్రపుశాలలో చేర్చారు. ఇంటికి పడమటగా, కారులో అరగంట. నడిపేది అరవై ఏళ్ల అమెరికన్ ఆవిడ. ఎండకు మాడిన మెడ, తక్కువ మాటలు. పిల్లతో పాటు కూచోవడానికి నన్ను పంపేవాళ్లు. లోపలికి అడుగుపెట్టగానే ఎండుగడ్డి, తోలు, పేడ కలిసిన వాసన. మా నాన్న చొక్కా వాసన! మొదటి రోజే ఒక గుర్రం కాలు మీద చెయ్యి వేసి కిందిదాకా నిమిరి, గిట్ట దగ్గర వేడి ఉందని వేలితో చూపించాను. ఆవిడ వంగి చూసి, నా మొహం చూసి, తల ఊపింది. అప్పట్నుంచి నేను వెళ్లగానే చేతికి బ్రష్షు ఇచ్చేది. ఆరేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నది పది మాటలుండవు. ఒకరి చేతులు ఒకరికి తెలుసు.

కాలేజీ కోసం ఎక్కించిన గుర్రం మీద పిల్ల నిజంగానే కూర్చుంది. అది ఎవరూ అనుకోనిది. వానలో వెళ్లేది, మంచులో వెళ్లేది. పదిహేడేళ్లకు అడ్డంకులు దూకించడంలో ఆ శాలలో ఆమె తర్వాతే ఎవరైనా. శాల ఆవిడ తన సొంత గుర్రాన్ని ఆ సీజనుకు ఆమె చేతిలో పెట్టింది. ముదురు గోధుమ రంగు, నెమ్మదస్తుడు, ఆపిల్ ముక్క కోసం జేబులో మూతి పెట్టేవాడు. కాలేజీకి రాసే వ్యాసం కూడా ఆమె మా జనరల్ మీదే రాసింది. తాతయ్య చెప్పిన కథ, నాయకత్వం, పట్టుదల, మూడు రోజుల పరుగు. మా అల్లుడు దాన్ని నలుగురికి పంపాడు. నాకూ ప్రింటు తీసి ఇచ్చాడు. చదివి, "బాగుంది" అన్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

సెప్టెంబరులో ఒక శనివారం పోటీ. మామూలు పోటీయే, కాని ఒక కాలేజీ రైడింగ్ జట్టు కోచ్ మూడు గంటలు డ్రైవ్ చేసుకుని మా పిల్లను చూడటానికే వస్తోంది. ఆమెకు నచ్చితే సీటు దాదాపు ఖాయమని ఇంట్లో అంతా ఊపిరి బిగపట్టుకుని ఉన్నారు. ముందు గురువారం సాయంత్రం పిల్ల నన్ను కారులో ఎక్కించుకుని శాలకు తీసుకెళ్లింది. ఆ పాటికి లైసెన్సు వచ్చింది ఆమెకు. శాల ఆవిడ ఆ పూట ఊళ్లో లేదు.

జీను వేసిన గుర్రాన్ని చూశాను. జీను కింద ఎప్పుడూ వేసే పల్చటి గుడ్డ లేదు. గొర్రె ఉన్నిది, మందమైనది, కొత్తది.

"కొత్త ప్యాడ్ ఎందుకే?"

"సాఫ్ట్‌గా ఉంటుందని ఆర్డర్ చేశా తాతయ్యా."

మాట మామూలుగానే ఉంది, నా వైపు చూడలేదు. నేను వెళ్లి జీను వెనక వీపు మీద నాలుగు వేళ్లు ఆనించాను. గుర్రం నడుం కిందికి కుంగదీసింది. చెవులు వెనక్కి పోయాయి. పొట్ట కింది పటకా వదులు చేసి జీను పక్కకు జరిపి ప్యాడ్ ఎత్తాను. మూపు పక్కన, ఎడమవైపు, అరచెయ్యంత మేర ప్యాడ్‌లో గుండ్రంగా కోసి ఉంది. శుభ్రంగా, కత్తెరతో. ఆ కోతలోంచి పచ్చిగా ఎర్రగా పుండు కనబడుతోంది.

ఆ కోత ఆమెకు నేను నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు. దాచాలనుకున్న చెయ్యి ఏలూరులోనైనా న్యూజెర్సీలోనైనా అలాగే కోస్తుంది కాబోలు. గడ్డిమోపు మీద కూచున్నాను.

"ఎన్నాళ్లయింది?"

"టెన్ డేస్. ఫస్ట్ జస్ట్ హెయిర్ పోయింది. తగ్గిపోతుంది అనుకున్నా."

"ఆవిడకు చెప్పావా?"

"చెప్తే సాటర్‌డే ఎక్కనివ్వదు."

"ఎక్కకు."

"తాతయ్యా! ఆ కోచ్ నాకోసం వస్తోంది. నా ఒక్కదాని కోసం. ఎయిట్ జంప్స్, అంతే. టూ మినిట్స్ కూడా పట్టదు. తర్వాత వన్ మంత్ రెస్ట్ ఇస్తా. ప్రామిస్."

"దానికి తెలుసా నీ ప్రామిస్?"

ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వే చెప్పావ్ కదా, మూడు రోజులు జీను దించలా అని. ఆ గుర్రాలకి ఏం కాలేదు కదా."

"ఏం కాలేదని నేను చెప్పలేదు."

"ఏమైందో కూడా చెప్పలేదు."

అప్పుడు చెప్పాను. అక్కడే, గడ్డిమోపు మీద కూచుని, మొత్తం. వాసన, పచ్చి పైరు, మేకుల్లేని లాడాలు, నాలుగు లైన్లు. మా నాన్న గుర్రం సంగతి, నా కత్తెర సంగతి కూడా చెప్పాను. ఆమె గుర్రం మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడి విన్నది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నీ పదో ఏట నుంచి."

"సెవెన్ ఇయర్స్" అంది. "నా ఎస్సే చదివి బాగుంది అన్నావ్."

ఇంటికి వచ్చే దారి అంతా రోడ్డునే చూసింది. కారు దిగేటప్పుడు, "రేపు సాయంత్రంలోగా ఆవిడకు నువ్వే చెప్పు తల్లీ" అన్నాను. తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం దాకా చూశాను. చెప్పలేదు. అప్పుడు అమ్మాయికీ అల్లుడికీ నేనే చెప్పాను. మా అల్లుడు మర్యాదస్తుడు. నన్ను మన్నిస్తూనే మాట్లాడతాడు, కోపంలో కూడా.

"మామయ్యగారూ, ఆ గుర్రం వాళ్లది. వాళ్లకు వెట్ డాక్టర్ ఉంటాడు. మీకెందుకండీ ఈ టెన్షన్?"

"వాళ్లకు తెలియదు కాబట్టే, బాబూ."

"శనివారం అవగానే నేనే మాట్లాడతాను. ఐ ప్రామిస్ యు."

ఇది రెండో ప్రామిస్. మా అమ్మాయి చేతిలో గిన్నె సింకులో పెట్టి నా వైపు తిరిగింది. "నాన్నా, ఆరేళ్లు. వీకెండ్ అన్నది లేకుండా ఆరేళ్లు తిప్పాం దాన్ని. ఒక్కరోజు మాట్లాడకుండా ఉండలేవా?"

"మీ తాత బండి గుర్రం..."

"ఆ కథలు ఇప్పుడొద్దు నాన్నా. ఆ కథలే కదా ఇంతదాకా తెచ్చింది."

నిజమే.

శనివారం అందరం ఒకే కారులో వెళ్లాం. నన్ను ఇంట్లో వదిలేస్తే బాగుండదని మా అమ్మాయి అనుకున్నట్టుంది. పోటీ జరిగే మైదానం చుట్టూ ట్రైలర్లు, మడత కుర్చీలు, కాఫీ కప్పులు. పిల్ల నల్లకోటు వేసుకుని, జుట్టు వల కింద బిగించి, గుర్రం పగ్గాలు పట్టుకుని నిలబడి ఉంది. జీను వేసేసింది. ఉన్ని ప్యాడ్ మీద తెల్లటి గుడ్డ ఒకటి కప్పింది. మా అల్లుడు వీడియో తీస్తున్నాడు. కంచె దగ్గర ఒకావిడ నోటుబుక్కు పట్టుకుని కూచుంది. ఆమే కోచ్ అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

నేను శాల ఆవిడ దగ్గరికి వెళ్లాను. రాత్రంతా కూడబలుక్కున్న ఇంగ్లీషు వాక్యం చెప్పాను. గుర్రం వీపు చూడమని. ఆవిడ నా భుజం తట్టి, నవ్వి, అవునవును, ఈ రోజు ఆ పిల్ల చాలా బాగా చేస్తుందంది. మళ్లీ చెప్పాను. కంగారు పడొద్దంది. ఆరేళ్లు నా చేతిని నమ్మిన మనిషి, నా మాట ఒక్కటీ ఆమెకు అందలేదు. మైకులో పిల్ల నంబరు పిలిచారు, సిద్ధంగా ఉండమని.

ఇక నోటితో పనికాదని గుర్రం దగ్గరికి నడిచాను. పిల్ల అప్పటికి ఎడమ కాలు రికాబులో పెట్టబోతోంది. నన్ను చూసి ఆగింది.

"తాతయ్యా, వద్దు" అంది. తెలుగులో. మెల్లగా.

పటకా బకిల్‌ మీద చెయ్యి వేశాను. మా అల్లుడు ఫోన్ వదిలేసి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "మామయ్యగారూ, ప్లీజ్. అందరూ చూస్తున్నారు." ఏళ్ల తరబడి బైండింగ్ చేసిన చేతులు నావి, అట్టలు బిగించిన చేతులు. అతని పట్టు ఆగలేదు. పటకా ఊడింది. జీను ఎత్తి నేల మీద పెట్టాను. ఉన్ని ప్యాడ్ రాలేదు, అంచున అంటుకుపోయి ఉంది. నీళ్ల బకెట్ అందుకుని తడిపి, నెమ్మదిగా ఊడదీశాను. గుర్రం వణికింది కాని కదల్లేదు. శాల ఆవిడ నా పక్కకు వచ్చి నిలబడింది. పుండు చూసింది. ప్యాడ్‌లో కోత చూసింది. వేలితో ఆ కోత అంచు చుట్టూ ఒకసారి రాసింది. పిల్ల చేతిలోంచి పగ్గాలు తీసుకుని గుర్రాన్ని నడిపించుకుంటూ ట్రైలర్ వైపు వెళ్లిపోయింది.

పిల్ల అక్కడే నిలబడిపోయింది, నల్లకోటులో, ఎండలో. కంచె దగ్గరావిడ నోటుబుక్కులో ఒక పేజీ తిప్పింది. తర్వాతి నంబరు పిలిచారు.

ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. మా అల్లుడు "భోంచేశారా" అనేవాడు, అంతే. మా అమ్మాయి నా మందులు డబ్బాలో సర్ది పెట్టి వెళ్లిపోయేది. పిల్ల గోడ మీద బొమ్మ లేదు. వ్యాసం వెనక్కి తీసుకుని ఇంకేదో రాసిందని విన్నాను. ఏం రాసిందో నాకు చూపించలేదు. ఆమె అప్లికేషన్ పెట్టిన కాలేజీల్లో ఆ కోచ్ ఉన్న కాలేజీ లేదు.

శాల ఆవిడ ఆమెను వెళ్లగొట్టలేదు. రోజూ వచ్చి పుండు కడగాలని చెప్పిందట. ఎక్కడానికి లేదు, కడగడం, మందు రాయడం, పేడ ఎత్తడం. పిల్ల రోజూ వెళ్లింది. స్కూలు అవగానే ఒక్కతే డ్రైవ్ చేసుకుని వెళ్లి చీకటి పడకముందే వచ్చేది. నన్ను రమ్మనలేదు. నేను అడగలేదు. కిటికీలోంచి కారు వెళ్లడం చూసేవాణ్ణి.

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, కోటు తొడుక్కునే ఉండి, "వస్తావా?" అంది. ఎక్కడికని అడగలేదు. చెప్పులు వదిలి బూట్లు వేసుకున్నాను.

పుండు మూసుకుంది. మానిన చోట కొత్త వెంట్రుకలు మొలిచాయి, తెల్లవి. చుట్టూ గోధుమ రంగు మధ్య అరచెయ్యంత తెలుపు. అది ఇక పోదు, జన్మంతా ఉంటుంది. శాల ఆవిడ నన్ను చూసి తల ఊపింది, బ్రష్షు ఇచ్చింది. పాత పల్చటి గుడ్డా, జీనూ తెచ్చి పిల్ల చేతికిచ్చింది. ఇక ఎక్కొచ్చట. వెట్ కూడా చూసి సరే అన్నాడట.

పిల్ల గుడ్డ పరిచింది, జీను పెట్టింది, పటకా మొదటి రంధ్రంలోకి బిగించింది. ఆగింది. జీను వెనక నాలుగు వేళ్లు ఆనించింది, నేను పెట్టినట్టే. గుర్రం నడుం కొంచెం, చాలా కొంచెం, కుంగింది. ఆవిడ చూసిందో లేదో తెలియదు. నేను చూశాను. నోరు విప్పలేదు.

పిల్ల పటకా విప్పేసింది. "నాట్ యెట్" అంది ఆవిడతో. ఆవిడ సరేనంది. జీను తీసుకెళ్లి దాని చోట పెట్టి వచ్చింది పిల్ల.

"ఐ యామ్ స్టిల్ మ్యాడ్ ఎట్ యు, తాతయ్యా" అంది నా వైపు చూడకుండా. "నువ్వు ముందే చెప్పుంటే."

"అవును" అన్నాను.

పిల్ల గుర్రాన్ని బయటి పచ్చికలోకి వదిలింది. అది నాలుగడుగులు వేసి, ముందు కాళ్లు మడిచి, కూలబడి, దుమ్ములో పొర్లింది. జీను దిగిన గుర్రం ఏదైనా చేసే పనే అది. కుడివైపు పొర్లింది, కాళ్లు గాల్లో ఆడించి మళ్లీ కుడివైపే పొర్లి లేచింది. పుండు మానిన ఎడమవైపు పొర్లలేదు. మేమిద్దరం కంచె దగ్గర నిలబడి, పొర్లుతుందేమోనని చాలాసేపు చూశాం.